ప్రకటనలు తీసేసిన సీరియల్

మా ఇంట్లో టీవీ కింది అరలో ఒక నల్ల పెట్టె ఉండేది. చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దది. లోపల రెండు హార్డ్ డిస్కులు, ముందువైపు రెండు నీలం దీపాలు, వెనక ఒక చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను రాత్రనక పగలనక సన్నగా గురక పెట్టేది. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా ఆయన, అత్తమ్మ. పెట్టె వచ్చాక నలుగురమయ్యామని మా ఆయన అనేవాడు. ఆ నాలుగో మనిషికి ఉన్న మర్యాద మిగతా ఇద్దరాడవాళ్ళకూ లేదని నేను అనేదాన్ని. దాని మీద దుమ్ము తుడవాలన్నా ఆయన్ని అడగాలి.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. కరెంటు కోతల కాలం. మేం గుండ్లపోచంపల్లిలో కొత్తగా లేచిన ఒక కాలనీలో అద్దెకుండేవాళ్ళం. నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, చేసేది అట్టపెట్టెల యూనిట్‌లో సూపర్‌వైజర్ పని. చదువుకున్నది వాడుకునే దారి లేక ఆయన చేతులు ఎప్పుడూ దురద పెడుతుండేవి. ఇంట్లో ఏ వస్తువైనా పాడైతే సంతోషించే మనిషి ఆయనొక్కడే. మిక్సీ ఆగిపోయిన రోజు ఆయన మొహం చూడాలి, పండగే.

అత్తమ్మది శామీర్‌పేట అవతల ఊరు. బతుకంతా ద్రాక్షతోటల్లో పని చేసింది. గుత్తులు కోయడం, చెడిన పళ్ళు ఏరెయ్యడం, పెట్టెలకెత్తడం. తోటలు కొట్టేసి ప్లాట్లు వేశాక అక్కడ పని లేకపోయింది, మా దగ్గరికి వచ్చింది. మా కాలనీలో పొద్దున తొమ్మిదయ్యేసరికి అన్ని ఇళ్ళకూ తాళాలు పడేవి. సాయంత్రం తాళాలు తీసినా తలుపులు మాత్రం వేసే ఉండేవి. వచ్చిన కొత్తలో అత్తమ్మ గేటు దగ్గర పీట వేసుకుని కూర్చునేది. పలకరించేవాళ్ళు లేక కొన్నాళ్ళకు పీట లోపలికి తెచ్చేసింది. ఆ చోట ఆమెకు దొరికిన ఒకే ఒక్క మనిషి పక్కింటి ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా ఆయనా నేనూ అలానే పిలిచేవాళ్ళం.

ఖాలా వాళ్ళది మేడ్చల్ దగ్గరి పల్లె. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ కలిపి ఆమె మాట్లాడే మాట మూడోది. భర్త, కొడుకు గోడౌన్లలో పారేసే చెక్కపెట్టెలు కొని, విప్పి, పలకలు అమ్మేవాళ్ళు. ఆ పెద్దమనిషికి టీవీ గిట్టదు కాబట్టి వాళ్ళింట్లో లేదు. పక్కింట్లో చూస్తే మాత్రం ఆయనకేమీ పట్టదు. అందుకని ఖాలా సాయంత్రం నమాజు అయ్యాక, వెల్లుల్లి పళ్ళెం పట్టుకుని మా ఇంటికొచ్చేది. ఏడున్నరకు సీరియల్. అత్తమ్మ చిక్కుళ్ళో చింతపండో ముందేసుకుని సిద్ధంగా ఉండేది.

వాళ్ళు సీరియల్ చూసే పద్ధతి నాకు మొదట్లో నవ్వు తెప్పించేది. బొమ్మ నడుస్తున్నంతసేపూ ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పరు. నేను వచ్చి ఉప్పు ఎక్కడుందని అడిగినా చెయ్యెత్తి ఆపేవాళ్ళు. ప్రకటన రాగానే అత్తమ్మ రిమోట్‌తో టీవీ గొంతు తగ్గించేది, అప్పుడు మొదలయ్యేది అసలు సంగతి. సీరియల్లో వాళ్ళు పుస్తకం చదివినట్టు మాట్లాడతారు, ఖాలాకు సగం ఎక్కదు. "ఏమంటాండు అక్కా ఆయన?" అని అడిగేది. అత్తమ్మ చెప్పేది. చెప్పేటప్పుడు తన సొంతది కొంత కలిపేది, అది సీరియల్ కన్నా బాగుండేది. విలన్ని అత్తమ్మ తిట్టిన తిట్లు ఏ రచయితా రాయలేడు. ఆ చెప్పడం ముగిశాక సొంత కథలు. ఖాలా మోకాళ్ళు, జహీరాబాద్‌లో ఉన్న కూతురి అత్తగారు, చెప్పకుండా రెండు రోజులు రాని నీళ్ళ ట్యాంకరు. సీరియల్ మళ్ళీ మొదలుకాగానే మాట ఎక్కడుంటే అక్కడే ఆగిపోయేది. తరవాతి ప్రకటనలో అక్కడినుంచే అందుకునేవాళ్ళు.

ఇదేం పద్ధతని ఒకసారి అడిగాను. తోటలో ఇట్లనే ఉండేదని అత్తమ్మ చెప్పింది. మేస్త్రీ ఇటు చూస్తున్నంతసేపూ చేతులే ఆడాలి. అతను వరస చివరికెళ్ళి అటు తిరిగితే నోళ్ళు ఆడేవి. అలా ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నవాళ్ళకు ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం చేతకాదు. ఖాలాకు కూడా ఊరికే కూర్చోవడమంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది. ఇద్దరికీ చేతిలో పని ఉండాలి, మాటకు మధ్యలో విరామం ఉండాలి. సీరియల్ వాళ్ళకు రెండూ ఇచ్చింది.

ఆ ఏడు ఎండలు ముదిరాక సాయంత్రం కోత సరిగ్గా సీరియల్ వేళకు పడడం మొదలైంది. ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు, వీధిలో కరెంటు పోతే కేబులూ పోతుంది. అత్తమ్మ చీకట్లో కూర్చుని కరెంటువాళ్ళ ఏడు తరాలనూ తలుచుకునేది. ఇది మా ఆయన చెవిన పడింది. ఆయన కళ్ళలో మిక్సీ పాడైనప్పటి వెలుగు కనిపించింది నాకు. అప్పుడే అర్థమైంది, ఇక ఇంట్లోకి ఏదో రాబోతోందని.

వచ్చింది ఆ నల్ల పెట్టె. మూలనపడేసిన పాత కంప్యూటర్‌కు టీవీ తీగ తగిలించాడు. అదే సీరియల్‌ను ఛానెల్ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తుంది, అప్పుడు కరెంటు ఉంటుంది. ఆ సమయానికి కంప్యూటర్ దానంతటదే రికార్డు చేసి, ఇంటి వైఫై మీదుగా నల్ల పెట్టెలో దాచిపెట్టేది. అక్కడినుంచి హాల్లో టీవీకి ఎప్పుడంటే అప్పుడు వచ్చేది. ఆయన తన క్రికెట్‌ను ఆ పెట్టెలోనే దాచుకుని డాబా మీద ఫోన్లో చూసుకునేవాడు.

ఇదేందని అత్తమ్మ అడిగితే, "మనింటి గోడౌన్ అమ్మా. టీవీ అడిగితే టీవీకిస్తది, ఫోన్ అడిగితే ఫోన్‌కిస్తది," అని చెప్పాడు. చుట్టూ గోడౌన్లే ఉన్న ఊరు కాబట్టి ఆమెకు చప్పున అర్థమైంది. నిన్నటి సీరియల్ ఈ రోజు చూడటం సద్దన్నం తిన్నట్టుందని మాత్రం కొన్నాళ్ళు మూతి తిప్పుకుంది. తర్వాత అలవాటుపడింది. ఏడున్నరకు ఖాలా వస్తుంది, నిన్నటిది పెడతారు, ఇద్దరూ చూస్తారు. కోత పడినా ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అంతవరకు ఆ పెట్టెతో నాకు పేచీ లేదు.

అక్కడితో ఆగితే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? ఎదుటివాళ్ళకు మంచి చేద్దామని బయలుదేరిన మనిషిని ఆపడం చాలా కష్టం. అరగంట సీరియల్లో ఇంత భాగం ప్రకటనలే పోతోంది, గోడౌన్లో చోటు దండగ, అమ్మ సమయం దండగ అని లెక్కలు కట్టాడు. ప్రకటనలను కనిపెట్టి కోసేసే ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచో తెచ్చాడు. సీరియల్ నడిచేటప్పుడు తెర మూలన ఛానెల్ గుర్తు ఉంటుంది, ప్రకటనల్లో ఉండదు. గుర్తు లేని చోటల్లా అది కోసేస్తుంది. మొదటి రోజుల్లో దానికి తెలివి చాలక, వెలుగు ఎక్కువై గుర్తు సరిగ్గా కనిపించని చోట్ల అసలు సీన్లు కూడా ఎగరగొట్టింది. కొత్త పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నది కూర్చున్నట్టే తర్వాతి క్షణంలో పోలీస్ స్టేషన్లో తేలింది. అత్తమ్మ లబలబలాడింది. అందుకని ఆయన కోసిన ముక్కలను పారెయ్యకుండా వేరే ఫోల్డర్లో పడేసేవాడు. వాళ్ళ యూనిట్‌లో అట్ట కోసినప్పుడు కూడా సరుకు పాసయ్యేదాకా ముక్కలు ఊడ్చెయ్యరట. ఆ ఫోల్డర్‌కు 'చెత్త' అని పేరు పెట్టాడు. కొన్నాళ్ళకు సాఫ్ట్‌వేర్ దారికొచ్చింది, ఆయన ఆ ఫోల్డర్ సంగతే మరిచిపోయాడు.

ఇప్పుడు సీరియల్ ఎక్కడా ఆగకుండా బస్సులా పోయేది. ఖాలా వచ్చి కూర్చుంటుంది, మా ఆయన ఎంతో మర్యాదగా వేస్తాడు, చిటికెలో అయిపోతుంది. అయిపోగానే ఆయన వార్తలు పెట్టుకుంటాడు. సీరియల్ అయ్యాక కూర్చుంటే అది ఊరికే కూర్చోవడం, కాబట్టి ఖాలా లేచేది. పళ్ళెంలో వెల్లుల్లి సగం కూడా ఒలిచి ఉండేది కాదు. అర్థం కాని మాటలు అర్థం కాకుండానే పోయేవి. ఒకసారి మధ్యలో ఆపి చెప్పుకోండని ఆయన రిమోట్‌లో ఆ మీట చూపించాడు. అత్తమ్మ దాన్ని ఎప్పుడూ నొక్కలేదు. తోటలో మేస్త్రీని నువ్వు కాసేపు అటు తిరుగు అని ఎవరూ అడగరు. ఆ వేళకు నేను వంటింట్లో ఉండేదాన్ని. హాల్లో సందడి తగ్గింది, ప్రాణానికి హాయిగా ఉందనుకున్నాను.

మెల్లగా ఖాలా రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. తర్వాత వారానికి ఒకట్రెండు సార్లు. ఎప్పుడైనా రావచ్చు, గోడౌన్లో అన్నీ ఉంటాయి, ఏదీ పోదు అని మా ఆయన ఆమెకు భరోసా ఇచ్చాడు. ఎప్పుడైనా రావచ్చన్న చోటికి మనిషి ఎప్పుడు వస్తుంది? ఏడున్నర దాటితే పోతుందన్న భయమే ఆమెను రోజూ మా గడప తొక్కించింది. ఆ భయం ఆయన తీసేశాడు. అత్తమ్మ ఏడున్నరకు చింతపండు ముందేసుకుని తలుపు వైపు చూసేది. కాసేపు చూసి తానే సీరియల్ పెట్టుకునేది. కొన్నిసార్లు అది నడుస్తుండగానే కళ్ళు మూసుకునేది.

చలికాలం పోతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున పక్కింటి గేటు ముందు డీసీఎం వ్యాను ఆగింది. మంచాలు, బీరువా, చెక్కపలకలు ఎక్కిస్తున్నారు. నేను బట్టలారేస్తూ చూసి, అత్తమ్మను పిలిచాను. ఆమె చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళింది. ఖాలా కొడుకు శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం తీసుకున్నాడట, అందరూ అక్కడికే పోతున్నారట. నిర్ణయమై నెల దాటింది. అత్తమ్మ ఏమీ తిట్టలేదు. ఒక్క మాట ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది.

ఖాలా చేతిలో కుండీ పట్టుకుని నిలబడింది. "చెప్దామనే వచ్చిన అక్కా, నాలుగైదు సార్లు. నడుమ యాడా ఆగకపాయె. ఎట్ల చెప్పాలె?" అంది.

నేను గోడ ఇవతల ఉన్నాను. అత్తమ్మకు అర్థమైంది, నాకూ అర్థమైంది. వ్యాను దగ్గర తాడు కడుతూ సాయం చేస్తున్న మా ఆయనకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. నెల రోజులుగా ఆమె నోటి దాకా వచ్చిన మాట మా హాల్లో కూర్చుని తిరిగి వెళ్ళిపోయింది.

వ్యాను వెళ్ళాక అత్తమ్మ లోపలికొచ్చి మంచినీళ్ళు తాగింది. కొడుకును పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆమె గొంతు పెంచలేదు. "గా అడ్వటైజులు ఉంటే నాకు ముందుగాల తెలుస్తుండె బిడ్డా. గప్పుడే గదా మేము మాట్లాడుకునేది," అంది. ఆయన నల్ల పెట్టె వైపు చూసి, లేచి డాబా మీదికి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద మంటగా ఉంది, జాలిగానూ ఉంది. ఎవరిదీ ఏమీ దొంగిలించలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. ఆ సాయంత్రమే కోసే సాఫ్ట్‌వేర్ తీసేశాడు. మర్నాటినుంచి సీరియల్ ప్రకటనలతో సహా వచ్చింది. ప్రకటన రాగానే అత్తమ్మ అలవాటుగా గొంతు తగ్గించేది. పక్కన ఎవరూ లేరు. కొన్నాళ్ళకు గొంతు తగ్గించడం మానేసింది, ఇంకొన్నాళ్ళకు సీరియల్ కూడా మానేసింది.

శామీర్‌పేట మాకేమంత దూరం కాదు. మేడ్చల్ వెళ్ళి అక్కడ ఆటో ఎక్కితే సరి. పోదాం పోదాం అనుకుంటూనే రోజులు గడిచాయి, అత్తమ్మ నడుము కూడా పట్టేసింది. ఫోన్ ఉంది కదా అంటే, అది ఇద్దరికీ అచ్చిరాలేదు. బాగున్నవా అంటే బాగున్న, తిన్నవా అంటే తిన్న, అంతే. చెవి దగ్గర ఫోన్ పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది. ఇక మాటెలా వస్తుంది? చెరో కొసనా మౌనంగా ఉండి, సరే మరి అని పెట్టేసేవాళ్ళు.

మరుసటి ఏడు రంజాన్ అయ్యాక, తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక సెలవునాడు ఖాలా వచ్చింది. టిఫిన్ డబ్బాలో పండగ సేమియా పాయసం, షీర్ ఖుర్మా తెచ్చింది. చీకటి పడకముందే తిరిగి వెళ్ళాలంది. అత్తమ్మ సంతోషం పట్టలేక గడప దగ్గరే ఆమె చేతులు పట్టుకుంది. తీరా లోపలికొచ్చి కూర్చున్నాక ఇద్దరికీ మాట దొరకలేదు. ఖాలా మోకాళ్ళ గురించి అత్తమ్మ అడిగింది, తన నడుము గురించి చెప్పింది. దుకాణం బాగుందా అంటే బాగుందంది ఖాలా. ఖాలా చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ గోడల వైపు చూసింది. నేను వెల్లుల్లి పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను. ఇద్దరూ చెరొక గడ్డ తీసుకున్నారు. కొంచెం నయమైంది కానీ మాట మాత్రం రాలేదు.

మా ఆయన హడావిడి పడ్డాడు. ఆ సీరియల్ అప్పటికి అయిపోయింది. ఖాలా వెళ్ళాక వచ్చిన భాగాలన్నీ గోడౌన్లో భద్రంగా ఉన్నాయని చెప్పి, ఆఖరి భాగం పెట్టాడు. ఆ తల్లులిద్దరూ తెర వైపు తిరిగి నోరు మూసుకుని కూర్చున్నారు. తెరమీద విడిపోయినవాళ్ళంతా కలుసుకుంటున్నారు. ఖాలా కిటికీలోంచి ఎండ ఎంత వాలిందో చూసుకుంటోంది. ఉన్న కాస్త సమయమూ అలా కరిగిపోతోంది. ఆయన చేతిలోంచి రిమోట్ లాక్కోవాలనిపించింది.

అంతలో అత్తమ్మే అంది. "గిది గాదు బిడ్డా. నువ్వు కోసి పక్కకు వెట్టినయ్ ఉన్నయా?"

ఆయనకు కాసేపు తట్టలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెలో వెతికాడు. 'చెత్త' ఇంకా అక్కడే ఉంది. తెరిస్తే వరసగా ప్రకటనలు మొదలయ్యాయి. బంగారు దుకాణం, పళ్ళపొడి, కూలరు, కరీంనగర్ రోడ్డు మీద ప్లాట్లు, మళ్ళీ బంగారు దుకాణం. అన్నీ రెండేళ్ళ కిందటివి. అత్తమ్మ రిమోట్ తీసుకుని గొంతు తగ్గించింది. ఖాలా వెల్లుల్లి రెబ్బ గోటితో గిల్లి, ఈ కూలర్ది వచ్చినప్పుడే కదా నువ్వు నాకు నీళ్ళ ట్యాంకరు వాడి సంగతి చెప్పింది అంది. అవునంది అత్తమ్మ. ఇక అక్కడినుంచి మాట సాగింది. ఖాలాకు కోడలితో వచ్చిన పేచీ, కొడుకు చేసిన అప్పుకు మొగుడికి నిద్ర పట్టకపోవడం, కొత్త ఇంట్లో తనకు పక్కన మనిషి లేకపోవడం, అన్నీ బయటకొచ్చాయి. ఏడాదిన్నరది ఉంది కదా చెప్పుకోవడానికి. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. వార్తలు పెట్టుకోలేదు.

మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి సీరియల్ ముక్క ఒకటి వచ్చింది. మొదటి రోజుల్లో సాఫ్ట్‌వేర్ పొరపాటున కోసేసిన పెళ్ళి పీటల సీను. ఖాలా మాట సగంలో ఆపేసింది. అత్తమ్మ చప్పున గొంతు పెంచింది. ఇద్దరూ చేతిలో వెల్లుల్లి అలాగే పట్టుకుని, కళ్ళార్పకుండా తెర వైపు చూస్తూ కూర్చున్నారు. పెళ్ళికూతురు తల వంచుకుంది, మళ్ళీ పళ్ళపొడి ప్రకటన వచ్చింది. అత్తమ్మ గొంతు తగ్గించి, ఖాలా వైపు తిరిగింది.

"ఆఁ, చెప్పు చెల్లె," అంది.